పాత కారు కోసం బయలుదేరే ముందు అడగవలసిన నాలుగు ఫోటోలు

డీలర్లు ఆన్‌లైన్‌లో పెట్టిన ఫోటోల్లో తళతళలాడిన పాత కారు, అంత దూరం వెళ్లి చూసేసరికి గీతలతో, సొట్టలతో కనిపించడం చాలామందికి ఎదురయ్యే చికాకు. కడిగిన తడి ఆరకముందే సాయంత్రపు ఎండలో తీస్తే సన్నని గీతలు దాదాపు కనిపించవు. అందుకే బయలుదేరే ముందే వాట్సాప్‌లో నాలుగు ఫోటోలు పంపమని అడగండి.

మొదటిది, కారు పొడిగా ఉన్నప్పుడు హెడ్‌లైటు పక్కన నిలబడి డోర్ల వెంబడి వెనుక చక్రం వైపు తీసినది. గోడ అంచు, స్తంభం వంటి తిన్నని గీత డోర్ల మీద ప్రతిబింబించినప్పుడు, మధ్యలో ఒక్కచోట మాత్రమే అది అకస్మాత్తుగా వంకర తిరిగితే, అక్కడ సొట్టగానీ, పుట్టీ పెట్టి రంగు వేసిన చోటుగానీ ఉండే అవకాశం ఎక్కువ. రెండవది, ఇగ్నిషన్ ఆన్ చేసిన మీటరు. మూడవది, బ్రేకు, క్లచ్ పెడళ్ల రబ్బరు. మీటరులో 30,000 కిలోమీటర్లే ఉండి రబ్బరు నున్నగా అరిగిపోతే, ఆ లెక్కను గట్టిగా ప్రశ్నించవలసిందే. నాలుగవది, టైరు పక్కభాగంలో ఉండే నాలుగంకెల తేదీ. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. స్టెప్నీ తేదీ కూడా అడగడం మంచిది, ఎందుకంటే మిగతా నాలుగూ మార్చినా దాన్ని తరచూ అలాగే వదిలేస్తారు.

అయితే టైర్లనూ పెడళ్ల రబ్బరునూ కొత్తవి వేసి ఉంటే ఈ ఫోటోలతో కారు వాడకం తెలియదు. అప్పుడు సర్వీసు రికార్డు చూసి, మీకు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకువెళ్లండి.