ఇంట్లో సీఎఫ్‌డీ - 4వ పాఠం: టైమ్ స్టెప్ ఎంత పెట్టాలి?

పోయిన పాఠంలో, ద్రవాల కదలికను కంప్యూటర్‌లో లెక్కగట్టే (అదే సీఎఫ్‌డీ) సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఫోమ్‌లో కావిటీ కేస్ రన్ చేశాం. 10 సెంటీమీటర్ల చదరపు పెట్టె, పైమూత సెకనుకు 1 మీటరు వేగంతో జరుగుతుంటే లోపల ద్రవం సుడి తిరుగుతుంది. లెక్క కోసం ఆ పెట్టెను సెల్స్ అనే చిన్న గడులుగా విడగొట్టే వలే మెష్. బెంగళూరు మారతహళ్ళి పీజీలో ఉండే ఒక తమ్ముడు అది చేసి మెసేజ్ పెట్టాడు: "అక్కా, మెష్ 20కి 20 ఉన్నదాన్ని 80కి 80 చేశాను. లాగ్‌లో కోరాంట్ నంబర్ 3 దాటింది. ఫర్వాలేదా?"

ఫర్వా ఉంది. ఈ పాఠమంతా దాని గురించే.

కోరాంట్ సంఖ్య అంటే వేగాన్ని టైమ్ స్టెప్‌తో (లెక్క ఒక్కో అడుగులో ముందుకు జరిగే సమయంతో) గుణించి, సెల్ వెడల్పుతో భాగిస్తే వచ్చేది. ఒక్క స్టెప్‌లో ద్రవం ఎన్ని సెల్స్ దాటుతోందో అది చెబుతుంది. బీఎంటీసీ బస్సులో కండక్టర్‌ని గమనించండి: స్టేజీ దాటేలోపు ఎక్కినవాళ్ళందరికీ టికెట్ కొట్టేయాలి. మూడు స్టేజీలకోసారి లేచాడంటే మధ్యలో ఎక్కి దిగిపోయినవాళ్ళ లెక్క గల్లంతే. కోరాంట్, ఫ్రీడ్రిక్స్, లేవీ అనే ముగ్గురు గణితవేత్తలు ఈ షరతును 1928లోనే రాసి పెట్టారు. అప్పటికి ఎలక్ట్రానిక్ కంప్యూటరే లేదు.

ఇప్పుడు మన కేస్‌కి లెక్క వేద్దాం. 0.1 మీటర్లలో 20 సెల్స్, అంటే ఒక్కో సెల్ 0.005 మీటర్లు. కంట్రోల్‌డిక్ట్ అనే సెట్టింగుల ఫైల్‌లో డెల్టాటీ, అంటే టైమ్ స్టెప్, 0.005 సెకన్లు. మూత వేగం 1. మొత్తం కలిపితే కోరాంట్ సంఖ్య సరిగ్గా 1. లాగ్‌లో మాత్రం గరిష్ఠం 0.85 దగ్గరే కనిపిస్తుంది. ఎందుకంటే మూతకి ఆనుకున్న సెల్‌లో కూడా ద్రవం మూతంత వేగంగా కదలదు. మొదటి స్టెప్‌లో 0 అని పడితే కంగారు పడకండి, అప్పటికింకా ఏదీ కదల్లేదు.

తమ్ముడు సెల్‌ని నాలుగో వంతు చేశాడు, డెల్టాటీని ముట్టుకోలేదు. అందుకే 3 దాటింది. ఈ కేస్‌ని లెక్కగట్టే సాల్వర్ ఐకోఫోమ్ ఇంప్లిసిట్ పద్ధతి (కొత్త విలువలన్నిటినీ కలిపి ఒకేసారి తేల్చే పద్ధతి) వాడుతుంది కాబట్టి 1 దాటిన మరుక్షణం రన్ ఆగిపోవాలని లేదు. అసలు ఇబ్బంది అక్కడే. రన్ చక్కగా పూర్తవుతుంది, ఫలితాలను బొమ్మలుగా చూపే పారావ్యూలో రంగులు ముద్దుగా వస్తాయి, కానీ సుడి మొదలయ్యే తొలి క్షణాల కథ తప్పుగా ఉండొచ్చు. ఈ సాల్వర్‌తో 1 లోపలే ఉండండి.

చేయాల్సింది ఇది. ముందు మెష్ 40కి 40 చేయండి, డెల్టాటీ 0.0025కి తగ్గించండి. రైట్‌ఇంటర్వల్ (ఎన్ని స్టెప్పులకోసారి ఫలితాలు సేవ్ చేయాలో) 20 ఉంటుంది, దాన్ని 40 చేయండి. లేకపోతే ఫలితాల ఫోల్డర్లు రెట్టింపవుతాయి. మెష్ తయారుచేసే బ్లాక్‌మెష్ మళ్ళీ నడిపి, ఆ తర్వాతే ఐకోఫోమ్. చాలామంది బ్లాక్‌మెష్ మర్చిపోయి పాత మెష్ మీదే రన్ చేసి "ఏమీ మారలేదే" అంటారు.

ఒక హెచ్చరిక: ఓపెన్‌ఫోమ్‌కి ప్రధానంగా రెండు శాఖలున్నాయి. ఫౌండేషన్ వాళ్ళది 2023లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి ఫోమ్‌రన్ అనే ఒకే ఆదేశం కిందికి సాల్వర్లను మాడ్యూళ్ళుగా మార్చేసింది. నెట్‌లో దొరికే పాత పాఠాలు చాలావరకు దాంతో కుదరవు. మనం వాడుతున్నది రెండో శాఖ, వీ2406 లాంటి పేర్లతో వచ్చేది. మొదలుపెట్టేవాళ్ళకి నా ఓటు దానికే.

ఇక ఖర్చు. మొదటి రన్‌లో 400 సెల్స్, 100 స్టెప్పులు. రెండోదాంట్లో 1,600 సెల్స్, 200 స్టెప్పులు. పని 8 రెట్లు. అదే మూడు దిశల్లో అయితే 16 రెట్లు. ఈ మధ్య సీఎఫ్‌డీ వార్తలన్నీ జీపీయూల (గ్రాఫిక్స్ కార్డుల) చుట్టూ తిరుగుతున్నాయి, ఫ్లూయెంట్ లాంటి సాఫ్ట్‌వేర్లు కూడా పూర్తిగా జీపీయూ మీద నడిచే సాల్వర్లు తెచ్చాయి. వేగం నిజమే. కానీ కార్డు 16 రెట్లు వేగంగా పరిగెత్తినా, ఇలాంటి మూడు దిశల టైమ్ స్టెప్ లెక్కల్లో మీకు దక్కేది సెల్‌ని ఒక్కసారి సగం చేసుకునే వీలు మాత్రమే. మన ఊళ్ళోనే, ఐఐఎస్‌సీలో ఉన్న 3.3 పెటాఫ్లాప్‌ల సూపర్ కంప్యూటర్ పరమ్ ప్రవేగకైనా ఈ లెక్క తప్పదు.

ఏఐ ఈ పని మొత్తం తప్పిస్తుందా అని కూడా అడుగుతున్నారు. ఎంఐటీ వాళ్ళు 2024లో డ్రైవ్ఏర్‌నెట్ ప్లస్ ప్లస్ అని 8,000 కారు రూపాల డేటా విడుదల చేశారు. దానితో శిక్షణ ఇచ్చిన మోడల్ కొత్త రూపానికి గాలి నిరోధం ఎంతో క్షణాల్లో అంచనా వేస్తుంది. ఆ డేటాలోని ప్రవాహాలన్నీ మాత్రం ఓపెన్‌ఫోమ్‌లో మెష్ కట్టి చేసినవే.

ఇంటిపని: 80కి 80 మెష్‌కి డెల్టాటీ, రైట్‌ఇంటర్వల్ ఎంతెంత పెట్టాలో ముందు కాగితం మీద తేల్చి, అప్పుడు రన్ చేయండి. తర్వాత పెట్టె నడిమధ్య నిలువు గీత మీద మూడు మెష్‌ల వేగాలను పారావ్యూలో ఒకే గ్రాఫ్‌లో గీయండి. 20కి, 40కి మధ్య తేడా ఎంత, 40కి, 80కి మధ్య ఎంత? ఆ గ్రాఫ్ చేతిలో పెట్టుకుని 5వ పాఠానికి రండి, మెష్ ఎక్కడ ఆపాలో దానితోనే మొదలుపెడదాం.