పంట అప్పుకు సంతకం పెట్టే ముందు

ఖరీఫ్ పంట రుణానికి బ్యాంకుకో సొసైటీకో వెళ్లే ముందు ఆంధ్రప్రదేశ్ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1బీ (యాజమాన్య రికార్డు) తెరిచి, పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం పాస్‌పుస్తకంతో కలుస్తున్నాయో లేదో చూడండి. ఉద్దానంలో మీ జీడితోట ఇంకా తాత పేరు మీదే ఉంటే ముందు మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) సంగతి చూసుకోవాలి. కౌలుకు చేస్తున్నారా? ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారు హక్కుల చట్టం (2019) కింద ఇచ్చే సాగుదారు కార్డు 11 నెలలకే, పాతది పట్టుకెళ్లి లాభం లేదు. దానివల్ల భూమి హక్కు పోదని యజమానికి ఓపిగ్గా చెప్పండి.

కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల వరకు వడ్డీ 7 శాతం, గడువులో కడితే 4. అందుకే గడువు తేదీ రాయించుకుని తీరాలి. బంగారం పెట్టి తీసుకుంటే ఈ రాయితీ వర్తిస్తుందో లేదో ముందే అడగండి.

అసలు టెన్షన్ బయటి అప్పులతోనే. ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టకండి, ఎంత తెలిసినవాళ్లైనా సరే. కట్టిన ప్రతిసారీ రసీదు తీసుకోండి, మొత్తం తీరాక నోటు వెనక్కి తెచ్చుకోండి. 20,000, ఆపైన అప్పు నగదుగా తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు; ఇద్దరిదీ వ్యవసాయ ఆదాయమై, ఎవరికీ పన్ను పడే ఆదాయం లేకపోతేనే మినహాయింపు. ఊళ్లో అప్పిచ్చేది వ్యాపారి అయితే ఖాతాలోనే వేయమనండి. పంట ఆదాయానికి పన్ను లేదు కానీ, డిపాజిట్ వడ్డీకి ఆ మినహాయింపు రాదు.