పిప్పి పన్నుకు చీము పట్టినప్పుడు: ఎలా గుర్తించాలి, ఏ వైద్యం చేయించుకోవాలి

మా కోనసీమలో పన్ను పోటును జబ్బుగా లెక్కించేవారు తక్కువ. సార్వా కోతలు అయ్యాక చూద్దామనో, సంక్రాంతి వెళ్లాక పీకించుకుందామనో రోజులు గడిపేస్తారు. మా పెదనాన్నగారూ అలాగే గడిపారు. పదిహేను రోజులు సలిపిన కింది దవడ పన్ను ఒక తెల్లవారుజామున ఉన్నట్టుండి ఊరుకుంది. లవంగనూనె పని చేసిందని ఆయన ఎంతో సంతోషించారు. నెల తిరగకుండానే దవడ కింద నిమ్మకాయంత వాపు వచ్చి, నోట్లో రెండు వేళ్లు కూడా పట్టని స్థితిలో ఆయనను లంక నుంచి పడవ మీద రేవు దాటించవలసి వచ్చింది. వైద్యం లేకుండా నొప్పి ఆగిపోయిందంటే పన్ను బాగుపడిందని కాక, లోపలి నరం చచ్చిపోయిందేమోనని అనుమానించాలని ఆనాడు మా ఇంటిల్లిపాదికీ తెలిసింది.

పన్ను మధ్యలో నరాలూ రక్తనాళాలూ ఉన్న మెత్తని గుజ్జు ఉంటుంది. నోటిలోని సూక్ష్మజీవులు తీపిని ఆమ్లంగా మార్చగా, ఆ ఆమ్లం పైపొరను తొలిచి, పుచ్చు ఈ గుజ్జు దాకా దిగుతుంది. చుట్టూ గట్టి గోడలు ఉండడం వల్ల గుజ్జు వాయడానికి చోటు లేదు. అంత చిన్న పన్ను అంత పెద్ద మనిషిని ఏడిపించేది అందుకే. పడుకున్నప్పుడు తల వైపు రక్తపు ఒత్తిడి పెరగడంతో పోటు రాత్రివేళ హెచ్చుతుంది. చివరకు గుజ్జు చచ్చి, సూక్ష్మజీవులు వేరు కొస దాటి ఎముకలో చీము పట్టిస్తాయి.

చల్లని కొబ్బరినీళ్లు తగలగానే జివ్వుమని, వెంటనే తగ్గిపోతే ఇంకా తొలిదశ. చాలాసార్లు పుచ్చును శుభ్రం చేసి సిమెంటు నింపితే సరిపోతుంది. ఆ నొప్పి నిమిషాల తరబడి నిలిచినా, ఏమీ తగలకుండానే పోటు పెట్టినా పుచ్చు నరాన్ని చేరిందని అనుకోవాలి. చీము పట్టిన పన్నుకు చల్లదనం తెలియకపోవచ్చు గాని, నమలగానే అది మిగతావాటికంటే ఎత్తుగా పెరిగినట్టు తగిలి నొప్పి పుడుతుంది. చెంచా కాడతో ముందు పక్క పన్నునూ, తరువాత దానినీ మెల్లగా తట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అద్దం ముందు నిలబడి, సెల్‌ఫోను వెలుగులో చెంపను వేలితో పక్కకు లాగి చిగురును చూడండి. వేరుకు ఎదురుగా ఆవగింజంత పొక్కు, దాని కొసన పసుపుపచ్చని చుక్క కనిపించవచ్చు. అది చితికినప్పుడు నోరంతా ఉప్పగా, కంపుగా అయి నొప్పి తగ్గుతుంది. చీముకు దారి దొరికింది గాని, చీము పుట్టే చోటు అలాగే ఉంది.

వాపు దవడ కిందికో కంటి వైపుకో పాకినా, నోరు తెరుచుకోకపోయినా, నాలుక పైకి లేచినట్టున్నా, మింగడమో ఊపిరి తీయడమో కష్టమైనా, వణుకుతో జ్వరం వచ్చినా అది ప్రాణాపాయం. తెల్లవారే దాకా ఆగకుండా 108కి ఫోను చేసి పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. రాత్రి పడవలు నడవని లంకల వారు, గోదావరికి వరద వచ్చే రోజుల్లో మరీ ముఖ్యంగా, వాపు మొదలైన పూటే రేవు దాటడం మంచిది.

డాక్టరును చేరే లోపల గ్లాసుడు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి పుక్కిలించవచ్చు. నొప్పికి పారాసిటమాల్ వాడవచ్చు. ఐబుప్రొఫెన్ మాత్రం కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, గర్భం ఉన్నవారూ, రక్తం పలచబడే మందులు వాడేవారూ డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. లవంగనూనెను దూదికి ఒక్క చుక్క అద్ది పుచ్చులో పెడితే కాసేపు తిమ్మిరెక్కుతుంది. ఎక్కువైతే చిగురు కాలుతుంది. వాపు మీద వేడి కాపడం పెట్టవద్దు, పొక్కును సూదితో పొడవవద్దు. వాకుడు గింజల పొగకు పంటి పురుగులు రాలిపడతాయని పెద్దలు నమ్మేవారు గాని, పంటిలో పురుగులు ఉండవు.

మందుల షాపులో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్ మాత్రలతో సరిపెట్టుకునేవారే మా వైపు ఎక్కువ, నన్ను అన్నిటికన్నా బాధించేదీ అదే. చచ్చిన గుజ్జులోకి రక్తం పారదు కనుక మందు అక్కడికి చేరదు. పన్నుకు వైద్యం అందుబాటులో ఉన్నప్పుడు చాలామంది పెద్దవారికి ఈ మాత్రలు అక్కరలేదని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లోనే సూచించింది. జ్వరమో, పాకే వాపో ఉంటే డాక్టరే రాస్తారు. షుగరు ఉన్నవారికి చీము త్వరగా ముదురుతుంది. ఆ సంగతి, పెనిసిలిన్ పడకపోతే అదీ, ముందే చెప్పాలి.

అసలు వైద్యం చీమును బయటికి తీసి, దాని మూలాన్ని తొలగించడం. ఎక్స్‌రే చూశాక పన్ను నిలిచేలా ఉంటే రూట్ కెనాల్ చేస్తారు: మత్తిచ్చి, వేరు గొట్టాలను శుభ్రం చేసి, మూసి, నమిలే పన్నయితే సాధారణంగా పైన క్యాప్ వేస్తారు. ఒక విడతలో నొప్పి పోయిందని మిగతా విడతలు మానేస్తే చీము మళ్లీ పడుతుంది. నిలవని పన్నును తీసివేయాలి. పై పన్ను పీకితే చూపు పోతుందన్న భయం మా ఊళ్లో ఇప్పటికీ ఉంది. ఆ పంటి నరానికీ చూపునిచ్చే నరానికీ సంబంధం లేదు. భీమవరం, రాజమహేంద్రవరం వైపు దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. ఖర్చుకు వెనుకాడేవారు అక్కడ విచారించుకోవచ్చు.

పన్ను తీయించుకున్నాక దూదిని డాక్టరు చెప్పినంతసేపు కరిచిపట్టి, ఆ రోజంతా పుక్కిలించకుండా, ఉమ్మకుండా, చుట్ట ముట్టకుండా ఉండాలి. కొబ్బరిబొండం తాగవచ్చు గాని స్ట్రాతో పీల్చకుండా గ్లాసులో పోసుకోవాలి. పీల్చితే గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడి వస్తుంది. మూడో రోజుకు నొప్పి తగ్గవలసింది పోయి పెరిగితే మళ్లీ ఆ డాక్టరుకే చూపించుకోవాలి.