నాసోఫారింజియల్ క్యాన్సర్‌లో జన్యు తేడాకూ స్టేజీకీ సంబంధం తేల్చడం ఎలా?

ముక్కు వెనక, గొంతు పైభాగాన పుట్టే ఈ క్యాన్సర్ దక్షిణ చైనాలో, అందులోనూ గ్వాంగ్‌డాంగ్‌లో ఎక్కువ. మన దేశంలో నాగాలాండ్‌లో కనిపిస్తుంది. ఒక ఎస్‌ఎన్‌పీకీ (డీఎన్‌ఏలో ఒక్క అక్షరం తేడా) స్టేజీకీ లంకె ఉందా అని చూసేవాళ్లు ముందు స్టేజీని పక్కాగా రాసుకోవాలి. జీనోటైప్ (ఆ చోట మనిషికున్న రెండు అక్షరాల జత) తప్పయితే మళ్లీ చేసుకోవచ్చు, చికిత్స మొదలయ్యాక అసలు స్టేజీ ఇక దొరకదు.

చికిత్సకు ముందు తీసిన ఎమ్మారై చూసి టీ (కణితి విస్తృతి), ఎన్ (లింఫు గ్రంథులు), ఎం (దూర వ్యాప్తి) విడివిడిగా రాయండి, ఏజేసీసీ (స్టేజీల నియమాలు రాసే అమెరికన్ సంస్థ) ఏ కూర్పో పక్కనే వేయండి. దూర వ్యాప్తి లేని టీ4 రోగి ఎనిమిదో కూర్పులో స్టేజీ 4ఏ, తొమ్మిదో కూర్పులో స్టేజీ 3. పాత, కొత్త ఫైళ్లు కలిపేస్తే ఫలితం మొత్తం చెడుతుంది.

రక్తం 5 మి.లీ., ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనివ్వని రసాయనం) ట్యూబులోనే. అలాంటిదే అయిన హెపారిన్ పీసీఆర్‌ను (డీఎన్‌ఏ ముక్కకు ఎన్నో ప్రతులు చేసే పద్ధతి) అడ్డుకుంటుంది. కణితి ముక్క నుంచి డీఎన్‌ఏ తీయొద్దు: కణితిలో క్రోమోజోము ముక్కలు ఊడిపోయి, హెటిరోజైగస్ (రెండు ప్రతులూ వేరువేరుగా ఉన్న) మనిషి హోమోజైగస్‌గా (రెండూ ఒకటే ఉన్నట్టు) కనిపించవచ్చు. 260/280 నిష్పత్తి (260, 280 నానోమీటర్ల కాంతిని నమూనా ఎంతెంత పీల్చిందో పోల్చేది) 1.8 దగ్గర ఉండాలి, బాగా తగ్గితే ప్రొటీన్ మిగిలిందని అర్థం.

పీసీఆర్-ఆర్‌ఎఫ్‌ఎల్‌పీలో (పీసీఆర్‌తో పెంచిన డీఎన్‌ఏను ఎంజైమ్‌తో కోసి, ముక్కల పొడవు బట్టి జీనోటైప్ చెప్పే పద్ధతి) ఎక్కువగా మోసం చేసేది సగం తెగిన డీఎన్‌ఏ. ఎంజైమ్ పూర్తిగా కోయకపోతే తెగని బ్యాండు (జెల్‌పై గీత) మిగిలి, హోమోజైగస్ నమూనా అచ్చం హెటిరోజైగస్‌లా కనబడుతుంది. అందుకే ప్రతి బ్యాచ్‌లో పూర్తిగా తెగాల్సిన తెలిసిన నమూనా ఒకటి, డీఎన్‌ఏ లేని నీళ్ల ట్యూబు ఒకటి పెట్టండి. 10 శాతం నమూనాలను స్టేజీ తెలియని మనిషితో మళ్లీ చేయించండి.

లెక్కల దగ్గరికి వస్తే, ఈ కణితి లోపలెక్కడో దాగి పెరుగుతుంది కాబట్టి తొలి దశలో దొరికేవాళ్లు తక్కువ. అరుదైన అల్లీల్ (ఆ చోటి రెండు రూపాల్లో ఒకటి) 10 శాతం ఉంటే దాని హోమోజైగస్‌లు 1 శాతమే. తొలి దశ రోగులు 40 మందే ఉంటే అందులో ఒక్కరైనా ఉంటారన్న నమ్మకం లేదు. అలాంటప్పుడు హెటిరోజైగస్‌లనూ వాళ్లనూ కలిపి డామినెంట్ మోడల్ చూడండి, కానీ ఆ నిర్ణయం ఫలితం చూడకముందే జరగాలి. లాజిస్టిక్ రిగ్రెషన్‌లో (ఇతర కారణాల ప్రభావం తీసేసి లంకె చూసే లెక్క) వయసు, లింగం, జాతి మూలాలు, లక్షణాలు మొదలైన ఎన్ని నెలలకు ఆసుపత్రికి వచ్చారన్నది కూడా వేయండి. ఆలస్యంగా రావడమే స్టేజీని పెంచేస్తుంది, నింద జన్యువు మీద పడుతుంది. 5 ఎస్‌ఎన్‌పీలు చూస్తే పీ విలువ (లంకె లేకపోయినా కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా వచ్చే అవకాశం) హద్దు 0.05 కాదు, దాన్ని 5తో భాగించిన 0.01. సంబంధం దొరకకపోయినా ఆడ్స్ రేషియో (లంకె ఎంత బలమో చెప్పే అంకె), 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (ఆ అంకె ఎంత అనిశ్చితమో చూపే పరిధి) తప్పక ప్రకటించండి.