మీ ఏరియాలో మాంద్యం మొదలైందో లేదో కనిపెట్టడం ఎలా?

2020 ఏప్రిల్–జూన్ మధ్య దేశ జీడీపీ, అంటే దేశంలో జరిగే మొత్తం ఉత్పత్తి విలువ, దాదాపు 24 శాతం పడిపోయిందని ప్రభుత్వం చెప్పింది ఆ ఏడాది ఆగస్టు 31న. తర్వాతి మూడు నెలల్లోనూ తగ్గిందని నవంబర్ చివర్లో తేలింది. వరుసగా రెండు త్రైమాసికాలు తగ్గితే మాంద్యం అనడం మామూలు లెక్క. ఆ లెక్కన కాగితం మీద మాంద్యం వచ్చేసరికి హైదరాబాద్ అమీర్‌పేటలో హాస్టళ్లు ఖాళీ అయి ఎనిమిది నెలలు.

లాక్‌డౌన్ దెబ్బ దాచినా దాగేది కాదు. నెమ్మదిగా పాకే దెబ్బ వేరు. 2008 సెప్టెంబర్ 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా తీసింది. 2009 జనవరి 7న హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యంలో కుంభకోణం బయటపడింది. ఆ ఆర్థిక సంవత్సరం దేశ జీడీపీ తగ్గలేదు, పెరిగే వేగం మాత్రం తగ్గింది. అయినా విదేశీ ఐటీ కాంట్రాక్టుల మీద నడిచే మాదాపూర్‌లో పరిస్థితి వేరు. ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని జాయినింగ్ డేట్ కోసం ఎదురుచూసే పిల్లలు, బేరం ఆగిపోయిన ఫ్లాట్లు అప్పుడు అక్కడ మామూలే. దేశానికి లేని మాంద్యం ఒక ఏరియాకు రావచ్చు. షాపు అద్దెకు తీసుకోబోయేవాళ్లకు, ఉద్యోగం మారబోయేవాళ్లకు ముందు కావాల్సింది ఈ చిన్న లెక్కే. దీన్ని హైదరాబాద్ ఉదాహరణలతో చెబుతాను. విజయవాడైనా విశాఖైనా పద్ధతి ఒకటే.

1. మీ ఏరియా దేని మీద బతుకుతోందో ముందు తేల్చుకోండి

అమీర్‌పేట, ఎస్సార్ నగర్ కోచింగ్‌ల మీద, హాస్టళ్ల మీద బతుకుతాయి. గచ్చిబౌలికి ఐటీ జీతాలు ఆధారం. జీడిమెట్ల, బాలానగర్‌లకు ఫ్యాక్టరీ షిఫ్టులు. ఊరి చివర కొత్త కాలనీలకు కట్టుబడి పనులు. ఎక్కడి డబ్బు ఆగితే అక్కడి గుర్తులే ముందు కనిపిస్తాయి. జీడిమెట్లలో ఓటీ (ఓవర్‌టైమ్) ఆపేశారంటే షిఫ్టు వదిలే టైముకి టీ కొట్టు దగ్గర తెలిసిపోతుంది. గచ్చిబౌలిలో అదే టీ కొట్టు ఏమీ చెప్పకపోవచ్చు, ఎందుకంటే ఉద్యోగం టెన్షన్‌లో ఉన్నవాళ్లు టీ మానరు, ఇంకో కప్పు ఎక్కువే తాగుతారు.

2. పంచాంగం చూడకుండా ఏదీ నమ్మకండి

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి నగల షాపులు, ఫంక్షన్ హాళ్లు బోసిపోతాయి. మూఢం వచ్చినా అంతే. కార్తీకంలో చికెన్ షాపు ముందు జనం లేరంటే అది భక్తి, మాంద్యం కాదు. సంక్రాంతికి సగం సిటీ ఊళ్లకు పోతుంది. జూన్‌లో స్కూల్ ఫీజులు కట్టి అందరి జేబులూ ఖాళీ. ఎన్నికల కోడ్ ఉంటే 50 వేలకు మించి క్యాష్ పట్టుకుని తిరగడానికి జనం భయపడతారు, హోల్‌సేల్ బజార్లు నీరసపడతాయి. ఇక రోడ్డు తవ్వి ఫ్లైఓవర్ పిల్లర్లు వేస్తుంటే ఆ వరసలో షాపులన్నీ ఈగలు తోలుకుంటాయి. పక్క వీధిలో మాత్రం వ్యాపారం బాగానే ఉంటుంది.

అందుకే పోయిన నెలతో పోల్చకండి. పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చండి. అధిక మాసం పడిన ఏడాది పండగలు వెనక్కి జరుగుతాయని కూడా గుర్తుంచుకోండి. 2023లో అధిక శ్రావణం వచ్చింది, వరలక్ష్మీ వ్రతం బేరాలు ఆగస్టు చివరికి పోయాయి. తారీఖుల ప్రకారం పోల్చినవాళ్లకు ఆ ఏడాది ఆగస్టు మొదట్లో బట్టల షాపులన్నీ దివాలా తీసినట్టే కనిపించి ఉంటాయి.

3. కిరాణా షాపులో కాసేపు నిలబడండి

జనం ఖర్చు ఒక్కసారిగా మానరు. ముందు మెట్టు దిగుతారు. ఆ దిగడం కనిపించేది సూపర్ మార్కెట్‌లో కాదు, గల్లీ కిరాణాలో. సాయంత్రం ఏడు తర్వాత, గిరాకీ ఉండే టైములో వెళ్లండి. ఏం కొంటున్నారో కాదు, ఎంత కొంటున్నారో వినండి. కిలో కందిపప్పు అడిగి, రేటు విన్నాక “అరకిలో ఇవ్వన్నా” అనేవాళ్లెందరు? ఐదు లీటర్ల నూనె డబ్బా తీసుకునే ఇంటివాళ్లు లీటర్ ప్యాకెట్‌కి వచ్చారా? షాంపూ సీసా పోయి రూపాయి ప్యాకెట్ల దండ వచ్చిందా? రోజూ రెండు పాల ప్యాకెట్లు తీసుకునే ఇల్లు ఒకటికి దిగిందంటే మాత్రం సీరియస్‌గా తీసుకోండి. పిల్లలున్న ఇంట్లో పాలు చివరికి గానీ తగ్గించరు.

తర్వాత చూడాల్సింది ఉద్దెర పుస్తకం. మీకు చూపించరు, చూపించాల్సిన పనీ లేదు. “అన్నా, ఉద్దెర ఎట్ల వస్తుంది ఈ మధ్య?” అని అడిగితే చాలు, చెప్పుకోవాలని వాళ్లకూ ఉంటుంది. ఎంతమందికి ఉద్దెర ఇస్తున్నాడన్నది అంత ముఖ్యం కాదు. ఒకటో తారీఖు నుంచి ఐదులోపు మొత్తం కట్టేసేవాళ్లు పదిహేనుకి జరిగారా, సగం కట్టి మిగతాది వచ్చే నెలకు రాయమంటున్నారా అన్నదే అసలు విషయం. జీతం లేటవుతోందనో, పోయిందనో బయటికి చెప్పని ఇంటి సంగతి ఆ పుస్తకంలో ముందే ఉంటుంది.

ఇక్కడా ఒక అడ్డంకి ఉంది. పది నిమిషాల్లో సరుకు తెచ్చే యాప్‌లు వచ్చాక కిరాణా బేరం మామూలుగానే తగ్గింది. కాబట్టి మొత్తం గిరాకీ తగ్గిందంటే అదొక్కటే గుర్తు కాదు. మిగిలిన గిరాకీలో చిన్న ప్యాకెట్లు పెరిగితే, ఉద్దెర సాగితే అప్పుడు లెక్కలోకి తీసుకోండి. 2019లో ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ కూడా సరిగా అమ్ముడుపోవడం లేదని పార్లే కంపెనీ చెప్పినప్పుడు దేశమంతా ఉలిక్కిపడింది. అందులోనూ రెండు సంగతులు కలిసిపోయాయి. జనం దగ్గర డబ్బు లేకపోవడం ఒకటి, 18 శాతం జీఎస్టీ వల్ల ప్యాకెట్లో బిస్కెట్లు తగ్గిపోవడం ఇంకొకటి.

4. టు-లెట్ బోర్డులు లెక్కపెట్టండి, వాటి వయసు కూడా చూడండి

బోర్డు ఉండటం పెద్ద విషయం కాదు. అదే బోర్డు మూడు నెలలుగా ఎండకు వెలిసిపోతోందంటే విషయం. ఫోన్ చేసి అద్దె అడగండి. ఓనర్లు రేటు తగ్గిస్తామని మొదట ఒప్పుకోరు. “ఒక నెల అద్దె వదిలేస్తాం”, “అడ్వాన్స్ తక్కువిచ్చినా పర్లేదు”, “ఫ్యామిలీస్‌కే అనుకున్నాం గానీ బ్యాచిలర్స్ అయినా ఓకే” అంటారు. ఈ మూడో మాట వినిపించిందంటే ఆ వీధి నిజంగానే దెబ్బతిందని నా నమ్మకం.

హాస్టళ్లలో అయితే టూ షేరింగ్ గదుల్లో ఉన్నవాళ్లు ఫోర్ షేరింగ్‌కి మారుతున్నారేమో అడగండి. గేటుకి కట్టిన ఫ్లెక్సీ మీద పాత రేటు మీద కొత్త కాగితం అంటించి ఉంటే అది కూడా ఫొటో తీసి పెట్టుకోండి. కర్రీ పాయింట్లతో మాత్రం జాగ్రత్త. హోటల్ మానినవాళ్లు కర్రీ పాయింట్‌కి వస్తారు, కాబట్టి గడ్డు కాలం మొదట్లో అక్కడ గిరాకీ పెరుగుతుంది. తర్వాత ఇంట్లో వండుకోవడం మొదలయ్యాక పడిపోతుంది.

5. అప్పు ఏ వైపు నడుస్తోందో గమనించండి

నాకైతే అన్నిటికంటే నమ్మకమైన గుర్తులు ఇక్కడే ఉంటాయి.

మొదటిది చీటీ పాట. లక్ష రూపాయల చీటీ, ఇరవై మంది అనుకుందాం. మామూలు రోజుల్లో ఐదో నెలలో ఒకరు 15 వేలు వదులుకుని ఎత్తుకుంటారు. అదే నెలలో నలుగురు పోటీపడి 30 వేలు వదులుకోవడానికి సిద్ధమయ్యారంటే ఆ గల్లీలో డబ్బు అవసరం ముదిరిందని అర్థం. పెళ్లి కోసమో ఫీజు కోసమో ఒకరిద్దరికి అవసరం పడటం మామూలే. అందరికీ ఒకేసారి పడటం మామూలు కాదు.

రెండోది డైలీ ఫైనాన్స్. కొన్నిచోట్ల గిరిగిరి అంటారు. పది వేలు రాసుకుని ఎనిమిదిన్నర వేలు చేతికిచ్చి, రోజుకి వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. సాయంత్రం బండి మీద వచ్చే కలెక్షన్ కుర్రాడిని చూడండి. తోపుడు బండ్ల వాళ్లు గల్లా పెట్టెలోంచి వంద తీసి ఇస్తే, కార్డు మీద టిక్కు పెట్టుకుని అర నిమిషంలో వెళ్లిపోయేవాడు. ఇప్పుడు ఒక్కో బండి దగ్గర ఐదు నిమిషాలు నిలబడుతున్నాడు, యాభై తీసుకుని మిగతాది రేపంటే తల ఊపుతున్నాడు, కొన్ని గళ్లలో టిక్కులే లేవు. పాత అప్పు తీర్చడానికే కొత్త కార్డు రాయించుకుంటున్నారని తెలిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

మూడోది బంగారం. గోల్డ్ లోన్ బ్రాంచి ముందు క్యూ పెరిగిందని కంగారు పడకండి. బంగారం ధర పెరిగితే అదే గాజుల మీద ఎక్కువ అప్పు పుడుతుంది, జనం వస్తారు. వేలం నోటీసులు చూడండి. తాకట్టు కంపెనీలు వేలానికి ముందు పేపర్లో ప్రకటన వెయ్యాలి, ఒకటి స్థానిక భాషలో ఉండాలి. మీ ఏరియా బ్రాంచి పేరు కింద అకౌంట్ నంబర్ల వరస నెలనెలా పొడవవుతోందా? ధర పెరుగుతున్నప్పుడు కూడా వేలాలు పెరిగాయంటే విడిపించుకునే శక్తి లేదన్నమాట. ధర ఒక్కసారిగా పడినప్పుడు పెరిగే వేలాల కథ వేరు, 2013లో జరిగింది అదే.

6. పొద్దున పది గంటలకు అడ్డా దగ్గరికి వెళ్లండి

కూలీల అడ్డాలో ఆరింటికి జనం ఉండటం వింత కాదు. మేస్త్రీలు వచ్చి తీసుకెళ్లాక తొమ్మిదికల్లా పలచబడాలి. పదింటికి కూడా సద్ది డబ్బాలతో సగం మంది అక్కడే ఉన్నారా? తాపీ పని తెలిసినవాళ్లు మట్టి పనికైనా వస్తామంటున్నారా? వానాకాలం కానప్పుడు ఇలా వారం పాటు కనిపిస్తే కట్టుబడి ఆగినట్టే.

అదే దారిలో పాత సామాన్ల షాపు ఉంటే అట్ట రేటు అడగండి. సరుకు కదిలితేనే డబ్బాలు కావాలి, డబ్బాలు కావాలంటేనే పాత అట్టకు ధర. టైలర్ దగ్గర కొత్త కుట్టు కంటే ఆల్టరేషన్లు ఎక్కువయ్యాయా, మొబైల్ షాపులో కొత్త ఫోన్ల కంటే డిస్‌ప్లే మార్పించుకునేవాళ్లు పెరిగారా అన్నవి కూడా ఇదే కోవలోవి. లిప్‌స్టిక్ అమ్మకాలు పెరిగితే మాంద్యమనీ, మగవాళ్ల లోదుస్తుల అమ్మకం తగ్గితే మాంద్యమనీ అమెరికా నుంచి వచ్చిన కబుర్లు సరదాకి బాగుంటాయి. గల్లీ స్థాయిలో పనికిరావు.

7. ఒక నోట్‌బుక్, ఆరు వరసలు

కిరాణా, అద్దెలు, చీటీ, వేలం నోటీసులు, అడ్డా, రిపేర్లు. నెలకోసారి ఒక్కో వరసలో ఒక్క లైను రాయండి. ఒకే వరస ఎంత ఘోరంగా ఉన్నా దానికి సొంత కారణం ఉండొచ్చు. ఒకదానితో ఒకదానికి సంబంధం లేని నాలుగు వరసలు, రెండు మూడు నెలల పాటు, పోయిన ఏడాది కంటే అధ్వానంగా ఉంటే అప్పుడు నమ్మండి.

సరిచూసుకోవడానికి రిజర్వ్ బ్యాంక్ రెండు నెలలకోసారి విడుదల చేసే వినియోగదారుల విశ్వాస సర్వే ఉంది. హైదరాబాద్ కూడా అందులో ఉంది. ఏడాది కిందటితో పోలిస్తే మీ ఆదాయం, ఖర్చు, ఉద్యోగాల పరిస్థితి ఎలా ఉందని అడుగుతారు. అందులో ఖర్చు పెరిగిందన్నవాళ్లు ఎక్కువుంటే సంబరపడకండి, ధరలు పెరిగినా ఖర్చు పెరుగుతుంది. ఆదాయం గురించి ఏమన్నారో చూడండి.

సర్వే బాగుండి మీ నోట్‌బుక్ బాగోలేకపోతే దెబ్బ మీ ఏరియాకే తగిలిందని అర్థం. షాపు తీసుకోవాలనుకుంటే ఇంకో ఏరియా చూడండి. అక్కడే కావాలంటే తొందరపడి సంతకం పెట్టకండి. ఏడాదికి ఎంత శాతం పెంచుతారన్న లైను, మధ్యలో ఖాళీ చేస్తే అడ్వాన్స్ ఎంత తిరిగిస్తారన్న లైను, ఈ రెండూ మార్పించుకున్నాకే అగ్రిమెంట్ మీద పెన్ను పెట్టండి. బోర్డు వెలిసిపోయిన షాపు ఓనర్ ఆ రెండిటికీ ఒప్పుకుంటాడు.