బిగించినా మళ్లీ వాలిపోయే వంటగది అలమర తలుపు

వంటగది అలమర తలుపు పూర్తిగా మూసుకోవడం లేదనిపిస్తే, స్క్రూడ్రైవర్ తీసే ముందు దయచేసి లోపలికి ఒకసారి తొంగిచూడండి. ముందుకు పొడుచుకొచ్చిన గిన్నె పిడి, అంచుకు జరిగిన డబ్బా, తన చోటు నుంచి కదిలిన అర పలక, వీటిలో ఏదీ తలుపుకు అడ్డు పడటం లేదని తేలాకే హింజ్‌ల (తలుపును అలమరకు కలిపే కీళ్ల) జోలికి వెళ్లాలి. ఒక గిన్నెను వెనక్కి నెట్టడంతో ముగియాల్సిన పని, అప్పటికే ఉన్న స్క్రూలన్నీ తిప్పేసి ఉండటం వల్ల గంటసేపు సాగడం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను.

ఇక్కడ చెప్పేదంతా తలుపు వెనుక 35 మిల్లీమీటర్ల గుంటలో కూర్చునే కప్ హింజ్‌ల గురించి.

తలుపు చివరి వేలెడు దూరంలో ఆగి వెనక్కి తన్నుతుంటే

చాలామంది తలుపును మూసి పట్టి ఉంచే అయస్కాంతాన్ని అనుమానిస్తారు గానీ, కారణం సాధారణంగా హింజ్ ఉన్న వైపే ఉంటుంది. ఆ వైపు తలుపు అంచుకూ అలమర అంచుకూ మధ్య ఒక కాగితం ఉంచి మెల్లగా మూయండి. రెండో వైపు ఇంకా తెరిచి ఉండగానే కాగితం గట్టిగా పట్టుకుపోతే, తలుపు అలమరకు మరీ దగ్గరగా ఉన్నట్టు. హింజ్‌లో వెనుకవైపున్న స్క్రూను వదులు చేసి, తలుపును ఒక మిల్లీమీటరు ముందుకు లాగి, మళ్లీ బిగిస్తే సరిపోతుంది.

తలుపు వాలి, పక్క తలుపుకు రాసుకుంటుంటే

హింజ్‌లో ముందున్న స్క్రూ తలుపును పక్కలకు జరుపుతుంది. పై హింజ్ దగ్గర తలుపును హింజ్ వైపుకు, కింది హింజ్ దగ్గర దానికి వ్యతిరేక దిశకు, ఒక్కోసారి పావు చుట్టు మాత్రమే తిప్పుతూ జరిపితే వాలిన మూల పైకి లేస్తుంది. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

సరిచేసిన తలుపు వారం తిరిగేలోపు మళ్లీ వాలితే మాత్రం ఆ స్క్రూను ఇక ముట్టుకోకండి. ఒకే తలుపును నేను మూడుసార్లు ఇలాగే సరిచేసి, నాలుగోసారి స్క్రూ తిరగడానికి చోటే మిగలకపోయాక గాని అసలు సంగతి గ్రహించలేదు. అలమర పక్క పలకకు హింజ్‌ను పట్టి ఉంచే ప్లేటు స్క్రూలు పట్టు కోల్పోయాయి. తలుపు బరువుకు పై ప్లేటు కొంచెం కొంచెంగా బయటికి వస్తుంటే, నేను ముందు స్క్రూతో ఆ లోపాన్ని కప్పిపుచ్చుతూ వచ్చాను. ప్లేటు హింజ్ కింద దాగి ఉంటుంది, మూసి ఉన్నప్పుడు కదలదు కూడా, అందువల్ల చూపుకు దొరకదు. తలుపును సగం తెరిచి, హింజ్‌కు దూరంగా ఉన్న అంచును చేత్తో కొద్దిగా పైకెత్తి వదులుతూ పై ప్లేటునే చూస్తుండండి. అది వెంట్రుకవాసి కదిలినా దోషం అక్కడే ఉంది. దాని స్క్రూ ఎంత తిప్పినా బిగుసుకోకుండా తిరుగుతూనే ఉంటే ఇక సందేహం అక్కరలేదు.

ఇలాంటప్పుడు పొడవైన స్క్రూ వేయాలనిపించడం సహజమే కానీ, పక్క పలక మందం చాలా చోట్ల 16 లేదా 18 మిల్లీమీటర్లే కాబట్టి దాని మొన అవతలికి పొడుచుకొస్తుంది. ముందు కింది హింజ్‌ను, చివరగా పై హింజ్‌ను విడదీసి తలుపును పూర్తిగా దించేయండి. ఒక్క హింజ్ మీద వేలాడనిస్తే అదీ పాడవుతుంది. ప్లేటు తీసి, రంధ్రాలలో చెక్క జిగురులో ముంచిన టూత్‌పిక్‌లను పట్టినన్ని కుక్కి, పైకి మిగిలిన భాగాన్ని పలకతో సమంగా కోసేసి, రాత్రంతా ఆరనివ్వాలి. మరునాడు సన్నని రంధ్రం చేసి, పాత స్క్రూనే చేత్తో బిగించండి, ఎందుకంటే డ్రిల్లు వేగానికి కొత్త పట్టు కూడా చెదిరిపోతుంది. పలక పార్టికల్ బోర్డుది (చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసినది) అయి, పొడిపొడిగా రాలి రంధ్రం పెద్దదైపోయి ఉంటే టూత్‌పిక్‌లు నిలవవు. 8 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, అదే మందమున్న గుండ్రటి చెక్క ముక్కను జిగురుతో దిగగొట్టి, అందులో స్క్రూ వేయాలి. తలుపు తిరిగి ఎక్కించేటప్పుడు పై హింజ్ ముందు.

మిగిలినవి అరుదు. సింకు కింది పలక నీటికి ఉబ్బితే మొదట లీకును ఆపాలి. తలుపే మెలితిరిగిపోతే హింజ్‌లతో సరిచేయలేరు, దానిని మార్చవలసిందే.