బోరు నీటిలో ఆర్సెనిక్‌ను బ్యాక్టీరియాతో పరీక్షించడం ఎలా?

ఆర్సెనిక్ కలిసిన నీటికి రంగు, రుచి, వాసన ఉండవు. మరగబెట్టినా అది పోదు. బంగ్లాదేశ్‌లో, పశ్చిమ బెంగాల్‌లో, వియత్నాం డెల్టాల్లో ఎన్నో కుటుంబాలు చేతిపంపుల నీటిని ఏళ్ల తరబడి నమ్మి తాగడానికి కారణం అదే. ఒంట్లోకి చేరిన ఆర్సెనిక్‌ను బయటికి తోసేసే జన్యువులు ఈ.కోలై బ్యాక్టీరియాకు ఉన్నాయి. మామూలుగా వాటిని ఆర్స్‌ఆర్ అనే ప్రోటీన్ అణచి ఉంచుతుంది. ఆర్సెనిక్ తగలగానే పట్టు వదిలేస్తుంది. ఆ పట్టు కిందికి కాంతి పుట్టించే జన్యువులను కూడా చేర్చిన ప్రయోగశాల రకమే ఈ పరీక్షకు ఆధారం; ఆర్సెనిక్ తగిలితే అది వెలుగుతుంది. ఇది జన్యుమార్పిడి జీవి కాబట్టి, జీవభద్రతా అనుమతి ఉన్న ప్రయోగశాలలోనే వాడాలి.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త నీరు పట్టేటప్పుడే అవసరం. పైపులో నిలిచిన నీరు పోయేదాకా పంపు కొట్టి, ఆ తర్వాతే శుభ్రమైన ప్లాస్టిక్ సీసా నింపాలి. డెల్టా నీరు పంపులోంచి అద్దంలా వస్తుంది. గాలి తగిలి కాసేపు ఉంటే పసుపు తిరిగి, అడుగున తుప్పు రంగు మడ్డి పేరుకుంటుంది. అది ఇనుము. ఆర్సెనిక్ దాన్ని అంటిపెట్టుకుని కిందికి దిగిపోతే బ్యాక్టీరియాకు అందదు. అందుకే నీరు పట్టిన వెంటనే, చేతితొడుగులు వేసుకుని, పీహెచ్ 2కు తగ్గేంత నైట్రిక్ ఆమ్లం కలపాలి.

ప్రయోగశాలకు చేరాక పైరోఫాస్ఫేట్ అనే లవణంతో ఆ ఆమ్లాన్ని తటస్థం చేయాలి, లేకుంటే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. లీటరుకు 0, 10, 25, 50, 100 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉన్న ప్రమాణ ద్రావణాలను కూడా సరిగ్గా ఇదే పద్ధతిలో సిద్ధం చేసుకోవాలి. అన్నిటిలో సమాన పరిమాణంలో బ్యాక్టీరియా కలిపి, 30 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటన్నర, రెండు గంటలు ఉంచి, కాంతి పుట్టడానికి అవసరమైన డెకనాల్ (decanal) అనే ఆల్డిహైడ్ చేర్చి, లూమినోమీటర్‌లో కాంతిని కొలిచి, ప్రమాణ ద్రావణాల కాంతితో పోల్చాలి.

వెలుగు రాకపోతే నీరు మంచిదని తొందరపడి చెప్పవద్దని మరీ మరీ కోరుతున్నాను. నీటిలోని మరో విషం బ్యాక్టీరియానే దెబ్బతీసినా చీకటే కనిపిస్తుంది. కాబట్టి ప్రతి నమూనాలో కొంత భాగాన్ని విడిగా తీసి, తెలిసిన మోతాదులో ఆర్సెనిక్ కలిపి చూడాలి. అప్పటికీ వెలగకపోతే ఆ ఫలితాన్ని పక్కన పెట్టాల్సిందే. ఆంటిమొనీకి కూడా ఆర్స్‌ఆర్ స్పందిస్తుంది. నల్గొండ నీటిని బాధించే ఫ్లోరైడ్ మాత్రం దీనికి అసలు కనిపించదు.

వియత్నాంలోని ఎర్రనది, మెకాంగ్ డెల్టాల నుంచి తెచ్చిన 194 నమూనాలపై ఈ పద్ధతిని పరీక్షించి, 2005లో ఫలితాలు ప్రచురించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన లీటరుకు 10 మైక్రోగ్రాముల హద్దు వద్ద, ఆర్సెనిక్ ఉన్నా లేదని చెప్పిన సందర్భాలు సగటున 8 శాతం, లేకున్నా ఉందని చెప్పినవి 2.4 శాతం. అందువల్ల ఆ హద్దుకు దగ్గరగా తేలిన బోర్ల నీటిని మూలకాలను కచ్చితంగా కొలిచే అటామిక్ అబ్జార్ప్షన్ పరికరంతో మళ్లీ కొలిపించాలి.

చివరగా, వాడిన గొట్టాలను ఆటోక్లేవ్‌లో (అధిక పీడనపు ఆవిరితో క్రిములను చంపే పరికరంలో) పెట్టి బ్యాక్టీరియాను చంపాలి; ఆర్సెనిక్ ద్రావణాలను సింకులో పోయకుండా, పేరు రాసిన వేరే డబ్బాలో భద్రపరచి ప్రమాదకర వ్యర్థాలను సేకరించేవారికి అప్పగించాలి.